ఇవి మా ఇంటి పేలాలు కావు

ఆ ఏడాది మా ఆయన మెడలో గడ్డను కనిపెట్టింది నేను కాదు, మంగలి సోలీ. ఈ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పదహారేళ్ళుగా మా ఊరు కోకంద్ ఆసుపత్రి ల్యాబులో నా పని గడ్డల ముక్కలు కోయడమే. మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది, స్లైడు మీద పరిచి డాక్టరు ముందు పెడతాను. ఊళ్ళో ఎవరి ఒంట్లో ఏం లేచినా ముందు నా చేతికి రావలసిందే. అలాంటి నాకు, పక్కన పడుకునే మనిషి మెడ మాత్రం కనబడలేదు.

పందిట్లో ద్రాక్షపళ్ళు నల్లబడుతున్న రోజులు. మేనల్లుడి పెళ్ళికని గడ్డం గీయించుకోవడానికి వెళ్ళిన ఇనోమ్‌జాన్ నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"సోలీ ఏమన్నాడో తెలుసా? 'మెడలో అక్రోటుకాయ దాచుకు తిరుగుతున్నావు, మీ ఆవిడకి చెప్పావా?' అన్నాడు."

చేతిలో పిండి అలాగే ఉండగా లేచి చూశాను. ఎడమ చెవి కింద, వేలికి గట్టిగా, గుండ్రంగా తగిలింది. దాని కిందే ఇంకో చిన్నది.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏమో మరి. వసంతంలో నవ్‌రోజ్ పండక్కి కూడా ఉన్నట్టే గుర్తు. నొప్పా ఏమన్నానా! ముందు అన్నం సంగతి చూడు, మెడంతా పిండి పూశావు."

నొప్పి లేదన్నాడు చూశారూ, అదే నాకు నచ్చలేదు. నొప్పి పుట్టే గడ్డలు నాలాంటి వాళ్ళను అంతగా భయపెట్టవు.

మా అత్తింటి వాళ్ళది నాలుగు తరాలుగా పేలాల వ్యాపారం. మా వైపు బోద్రోక్ అంటారు. బజారు ద్వారం పక్కన పొయ్యి, పొయ్యి మీద నలుగురు పట్టుకుంటే గాని లేవని ఇనప మూకుడు, అందులో కాగే ఇసుక. మొక్కజొన్న గింజలు వేసి, కలిపి, జల్లెడ పట్టి, పాకం పోసి పిడికిలంత ఉండలు చుడతాడు మా ఆయన. ఇంటి దగ్గర మా అత్తగారు సలామత్ పీట వేసుకుని ఏరుతుంది. సరిగ్గా విచ్చుకోని పేలం ఆవిడ వేళ్ళు దాటి పోలేదు. అన్నీ కోళ్ళ పాలే. మా ఇంటి కోళ్ళంత బలిసిన కోళ్ళు ఆ వీధిలోనే లేవు.

మేనల్లుడి పెళ్ళయిన వారానికి పెద్ద గడ్డను తీసేశారు. ఆ ముక్క సీసాలో నా బల్ల మీదికి వచ్చింది. మా డాక్టరు రోజా పావ్లొవ్నా కొరియా వాళ్ళ ఆడపడుచు, పదవీ విరమణ చెయ్యమని మూడుసార్లు కాగితం వచ్చినా కుర్చీ వదలని మనిషి. సీసా మీద పేరు చూసి నా మొహం చూసింది.

"ఇంటివాళ్ళ ముక్క నువ్వు కోయకూడదు, హోసియత్."

"మరెవరు కోస్తారండీ? ఆ కొత్త పిల్లా? అది కోస్తే రొట్టె ముక్కంత మందం వస్తుంది. మీరే తిడతారు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చెయ్యి వణికిందంటే మాత్రం ఆపేయాలి."

చెయ్యి వణకలేదు. నా జీవితంలో అంత పల్చటి ముక్క ఎప్పుడూ కోయలేదు. గులాబీ రంగు, ఊదా రంగు అద్ది, ఆరబెట్టి, ఆవిడ ముందు పెట్టి, అప్పుడు వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

రోజా పావ్లొవ్నా చాలాసేపు చూసింది. "హాడ్జ్‌కిన్ లింఫోమా అనే కాన్సరు లాగుంది. రక్తంలో బీ కణాలని ఉంటాయి కదా, అవి దారి తప్పాయి. ఏ రకమో ఇప్పుడే చెప్పలేను. గుడ్లగూబ కళ్ళ రకం అయితే నెలల తరబడి కీమో ఎక్కించాలి. తాష్కెంట్ పెద్దాసుపత్రికి పంపి ప్రత్యేకమైన రంగులు వేయిద్దాం. రెండు వారాలు ఓపిక పట్టు."

గుడ్లగూబ కళ్ళ కణాన్ని నేను పాత స్లైడుల్లో చూసే ఉన్నాను. రెండు పెద్ద కళ్ళతో తిరిగి మనల్నే చూస్తున్నట్టుంటుంది.

ఇంట్లో ఎంత చెప్పాలో అంతే చెబుదామనుకున్నాను గాని, మా అత్తగారి ముందు ఏదీ దాగదు. "ఏమిటే ఆ గొణుగుడు, తిన్నగా చెప్పు," అంటే గుడ్లగూబ మాట కాస్తా బయటపడింది. ఆవిడ మూడుసార్లు తూ తూ అని ఉమ్మి, ఒళ్ళో ఉన్న పేలాలు అలాగే వదిలేసి లేచింది. ఇక ఆ రెండు వారాలూ ఎదురింటి పోప్లార్ చెట్టు మీద ఏ పిట్ట వాలినా రాయి దెబ్బ తినాల్సిందే. పాపం గువ్వలు కూడా తిన్నాయి.

"అమ్మా, అది పావురం," అనేవాడు మా ఆయన.

"ఏమో, దాని కళ్ళు నాకు నచ్చలేదు," అనేది ఆవిడ.

మా ఆయన మాత్రం రోజూ దుకాణానికి వెళ్ళాడు. సాయంత్రం ఉండలు అమ్మి వచ్చి తిన్నాడు, పడుకున్నాడు, గురకపెట్టాడు. ఆ గురక వింటూ, దేవుడా, జీవితాంతం ఈ గురక భరిస్తాను, ఇంకెప్పుడూ పక్కటెముకల్లో పొడవను, అని మొక్కుకున్నాను. తర్వాత ఆ మొక్కు తీర్చలేదనుకోండి, అది వేరే సంగతి.

తాష్కెంట్ నుంచి కబురొచ్చిన రోజు రోజా పావ్లొవ్నా ల్యాబు తలుపు దగ్గరే నించుని కేకేసింది. "హోసియత్! గుడ్లగూబ కాదు. ఇది వేరే రకం, అరుదైనది, మెత్తనిది. పాప్‌కార్న్ కణాలంటారు వీటిని, విచ్చుకున్న పేలాల్లా ఉంటాయని. స్కానులో ఒక్క మెడలోనే ఉంది. కీమో అక్కర్లేదన్నారు. మూడు వారాల పైచిలుకు కొంచెం రేడియేషన్, అంతే."

నేను కోటు కూడా విప్పలేదు. బజారు దాటి, కాలవ దాటి పరిగెత్తాను. ఆ రోజు మా వాకిట్లో వీధి ఆడవాళ్ళంతా కూర్చుని మా కొత్త మొక్కజొన్న ఒలుస్తున్నారు, ఏటా ఒలిచేటట్టే. మా ఆయన బస్తాలు కడుతున్నాడు. నేను గుమ్మంలోంచే అరిచాను.

"గుడ్లగూబ కాదు! పేలాలు! ఆయన మెడలో ఉన్నవి పేలాలు!"

ఒక్కరూ కదల్లేదు. ఇరవై చేతుల్లో ఇరవై కండెలు ఆగిపోయాయి. నేను ఆనందంతో ఏడుస్తున్నాను. పక్కింటి హోల్‌బువి ముక్కున వేలేసుకుంది.

"అయ్యో, అయ్యో! గొంతులోంచి మెడలోకి దిగాయన్నమాట. పొద్దస్తమానం ఆ పొయ్యి దగ్గర నోరు తెరుచుకుని కూర్చుంటే దిగవూ?"

అప్పుడు తెలిసింది నాకు, నోరెంత జారిందో. నవ్వుతూనే, "అది కాదు, పేలాల్లా ఉంటాయని," అన్నాను. ఎవరు వింటారు? అప్పటికే ఒకావిడ ఒళ్ళో కండెలు మెల్లగా కింద పెట్టి చేతులు కడుక్కుంటోంది.

మూడు రోజుల్లో కోకంద్ సగానికి తెలిసిపోయింది. పేలాల ఇనోమ్‌జాన్ మెడలో పేలాలు మొలిచాయట. పిల్లలు దుకాణం ముందు ఆగితే తల్లులు రెక్కపట్టి లాక్కుపోయారు. మా అమ్మాయి మెహ్రి బడికి పట్టుకెళ్ళిన ఉండల్ని ఒక్క పిల్ల ముట్టుకోలేదు. అన్నీ సంచిలో తిరిగి తెచ్చి, వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో పోసింది.

ఇదంతా నేను ఓర్చుకుందును. ఓర్చుకోలేనిది నాలుగో రోజు జరిగింది. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇనప మూకుడు వాకిట్లో బోర్లా పడి ఉంది. దుకాణం పొయ్యి ఇటుకలు తీసేసి గోడ వార పేర్చాడు మా ఆయన.

"ఇదేమిటండీ?"

"మానేశాను. తాతల నాటి పనైతే మాత్రం? దేవుడు మెడ మీద రాసి చూపించాడు. అర్థం చేసుకోకపోతే గాడిదనవుతాను."

"సోమవారం తాష్కెంట్ వెళ్ళాలి. అక్కడ మంచం కూడా చెప్పి ఉంచారు."

"ఎందుకు? పేలాలు మానేశానుగా. అదే తగ్గుతుంది."

నేను తల కొట్టుకున్నాను. "అది పోలిక అండీ! ఉత్త పోలిక! మీరు చేసే పేలాలకీ దానికీ సంబంధమే లేదు."

"సంబంధం లేకుండా పోలిక ఊరికే వస్తుందా?" అన్నాడు, చాలా శాంతంగా. "ఆ డాక్టరమ్మ ఎప్పుడైనా నా దుకాణానికి వచ్చిందా? నేనేం అమ్ముతానో ఆవిడకు తెలుసా? తెలియదు. భూతద్దంలోంచి నా మెడ లోపలికి చూసి నా సరుకు పేరు చెప్పింది. గొర్రెలనో, ఇటుకలనో, తలుపు గడియలనో చెప్పలేదు. పేలాలని చెప్పింది. దానికేమంటావ్?"

మనిషి మొండివాడైతే పోట్లాడొచ్చు. ఇలా పద్ధతిగా ఆలోచించి తప్పుదారి పట్టినవాడితో ఏం చెయ్యను?

రోజా పావ్లొవ్నాను అడిగాను. "ఇప్పుడు ఒక్కచోటే ఉంది," అంది. "తొందరపడే జబ్బు కాదు, నిజమే. అందుకే జనం ఏమరుస్తారు. వదిలేస్తే నిదానంగా పాకుతుంది. కొందరిలో ఎప్పుడో ఒకనాడు రూపం మార్చుకుని పరుగందుకుంటుంది. అప్పుడు ఈ మూడు వారాలతో పోదు. సోమవారం తప్పితే మళ్ళీ కొత్త సంవత్సరం తర్వాతే ఖాళీ. తీసుకురా ఇక్కడికి."

"రానంటున్నారు."

"ఆయన కాదనలేని మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఆలోచించాను. ఒక్కరే ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మా అత్తగారు ద్రాక్షపందిరి కింద టీ తాగుతోంది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. మాట జారింది నేనేనని, మీ అబ్బాయి ప్రాణం మీదికి తెచ్చింది నేనేనని ఒప్పుకుని ఏడ్చాను. ఆవిడ పింగాణీ గిన్నె కింద పెట్టింది. మొహం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను.

"అంటే, ఆ అద్దంలో కనిపించేవి మా ఇంటి పేలాల్లా ఉన్నాయంటుందా ఆ డాక్టరు?"

"పేలాల్లా అంటుంది, అత్తయ్యా."

"ఎవరింటివని?"

"ఎవరింటివీ కాదు, ఊరికే..."

"నాలుగు తరాలుగా ఈ ఊరికి పేలాలంటే మా ఇల్లే. ఇంకెవరి పేరు వస్తుంది? నేను చూడాలి." లేచి తలకు మంచి రుమాలు కట్టుకుంది. లోపలికి కేకేసింది. "ఒరేయ్ ఇనోమ్! చెప్పులేసుకో. మన సరుకుకి ఎవరో వంక పెట్టారట, పద."

ఆవిడ అలా పిలిస్తే రానన్న మగాడు ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు.

ల్యాబులో రోజా పావ్లొవ్నా లేచి తన కుర్చీ ఇచ్చింది. మా అత్తగారు మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించి, "వెంట్రుకలున్నాయి. దడి కట్టినట్టున్నాయి," అంది.

"అవి మీ కనురెప్పలు, అత్తయ్యా. కొంచెం వెనక్కి జరగండి."

"ఆఁ. ఇప్పుడు రొట్టె మీద నల్ల జీలకర్ర చల్లినట్టుంది."

"ఆ చుక్కలన్నీ మంచివేనండీ," అంది రోజా పావ్లొవ్నా. "వాటి మధ్యలో పెద్దగా, పాలిపోయి, మడతలు పడి ఉబ్బినవి అక్కడొకటి, అక్కడొకటి కనిపిస్తున్నాయా? అవే."

మా అత్తగారు చూసింది. ఎంతసేపు చూసిందంటే, మా ఆయన రెండుసార్లు దగ్గాడు. ఆవిడ కుడిచెయ్యి బల్ల మీద తనకు తెలియకుండానే కదులుతోంది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏరుతున్నట్టు.

"ఎవడు వేయించాడు వీటిని?" అంది చివరికి, అసహ్యంగా.

రోజా పావ్లొవ్నా నా వైపు చూసింది. నేను మాట్లాడకండని సైగ చేశాను.

"గింజ తడిది. ఇసుక కాగకముందే పోశాడు. సగం విచ్చుకుని ముడుచుకుపోయాయి, పొట్ట చీలలేదు. ఇవేం పేలాలమ్మా? ఇలాంటివి నేను కోళ్ళకి వెయ్యడానిక్కూడా సిగ్గుపడతాను. ఒరేయ్ ఇనోమ్, నువ్వు చూడు. నువ్వే చెప్పు, ఇది మన చేతి పనా?"

మా ఆయన కూర్చున్నాడు. తన మెడలోంచి తీసిన ముక్కను తాను చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఇంతవరకు అడగలేదు కూడా. ఆయన వీపు మాత్రం కనిపించింది. మొదట బిగుసుకుని ఉంది. తర్వాత భుజాలు కొంచెం దిగాయి.

"ఇదిగో, ఈ మూలది ఇంకా అన్యాయం," అన్నాడు. "దీనికి నడుమే లేదు."

"నేనేం చెప్పాను?"

"తడి గింజే అమ్మా. మంట కూడా ఒక పక్కే తగిలింది."

"మనదేనా?"

"ఛ. మనది కాదు." ఇంకాసేపు చూశాడు. "నా మెడలో ఎవడో చేతకానివాడు దుకాణం పెట్టాడు."

అని నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత కుర్చీ ఊగేటట్టు. మా అత్తగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. రోజా పావ్లొవ్నా ఏమీ అర్థంకాక, సరేలే అన్నట్టు తానూ నవ్వింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

మా ఆయన మళ్ళీ మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించాడు. అలా చూస్తూనే అడిగాడు.

"సోమవారం తాష్కెంట్ రైలు ఎన్నింటికి?"

ఆయన తాష్కెంట్‌లో ఉన్న మూడు వారాల పైచిలుకూ మా అత్తగారు ఊరికే కూర్చోలేదు. రోజుకో ఇంటికి టీకి వెళ్ళింది. ఆవిడ ఎక్కడా జబ్బు గురించి మాట్లాడలేదు. "నేను నా కళ్ళతో చూశాను తల్లీ. తడి గింజ. ముడుచుకుపోయిన సరుకు. మా ఇంటి పేలం అలా ఉంటుందా? నువ్వు పుట్టినప్పటి నుంచి తింటున్నావు, నువ్వే చెప్పు," అనేది. నేను నెల రోజులు కణాలని, పోలికలని చెప్పినా తలకెక్కనిది ఈ మాటతో ఎక్కింది. నిజమే కదా, సలామత్ అంతటిది ఏరి అవతల పారేసిన సరుకు ఆ ఇంటిదెలా అవుతుంది? హోల్‌బువి అయితే తానూ వెళ్ళి చూసి వచ్చినట్టే చెప్పుకుంది. "అబ్బే, చూడ్డానికే అసహ్యం. ఎవరో చేతకాని వాళ్ళ పని."

నా చదువుకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. అయినా నోరు మూసుకున్నాను. ఆ ఏడాది నేర్చుకున్నది అదొక్కటే.

ఆకులన్నీ రాలిపోయాక తిరిగొచ్చాడు. మెడ ఎడమ పక్క ఎండకు కమిలినట్టు ఎర్రగా ఉంది, మింగడానికి ఇబ్బంది పడ్డాడు, కాస్త చిక్కాడు. మర్నాడు పొద్దున్నే గోడ వార ఉన్న ఇటుకలు మోసుకెళ్ళి పొయ్యి కట్టుకున్నాడు. మూకుడు ఎత్తడానికి నలుగురు కావాలి కదా, పిలవకుండానే ఏడుగురు వచ్చారు. అందులో ఒకడు మంగలి సోలీ. "కనిపెట్టింది నేను, మొదటి ఉండ నాదే," అని పేచీ పెట్టి మరీ తీసుకున్నాడు. మెహ్రి పెద్ద సంచి నింపుకుని బడికి పోయి, ఖాళీ సంచితో వచ్చింది.

ఆ పక్క గడ్డం ఇప్పటికీ పల్చగానే మొలుస్తుంది. ఏటా ఒకసారి తాష్కెంట్ వెళ్ళి చూపించుకుని వస్తాడు. ఆ జబ్బు ఎన్నేళ్ళ తర్వాతైనా తిరిగి రావచ్చని రోజా పావ్లొవ్నా చెప్పింది. వెళ్ళిన ప్రతిసారీ నాకు అన్నం సహించదు. వచ్చిన ప్రతిసారీ ఆయన తలుపు దగ్గరే, "కొత్త దుకాణాలేం తెరవలేదు," అంటాడు.

నాలుగేళ్ళు గడిచాక ఒక శరత్కాలం మధ్యాహ్నం దుకాణం ముందు ఒకతను ఆగాడు. పక్క ఊరు రిష్తాన్‌లో బడిపంతులట. అంత ఎండలోనూ మెడ చుట్టూ మఫ్లరు ఉంది. నేను ఆ రోజు సెలవు పెట్టి పాకం కలుపుతున్నాను.

"రోజా పావ్లొవ్నా గారు పంపారు," అన్నాడు. "నా దాంట్లో కూడా... పేలాలని చెప్పారు. మిమ్మల్ని ఒకసారి చూసి రమ్మన్నారు."

మా ఆయన చేతిలో జల్లెడ పక్కన పెట్టి, చొక్కా గుండీ విప్పి మెడ చూపించాడు. అతను దగ్గరికి వంగి చూశాడు. ఈ మధ్య దుకాణంలోనే పీట వేసుకుంటున్న మా అత్తగారు పక్కనున్న డబ్బా మూత తీసింది. ఆ డబ్బా నాలుగేళ్ళ కిందటి ఆ శరత్కాలం నుంచీ ఆవిడ దగ్గరే ఉంది. కోళ్ళకు పోను, మరీ వంకరగా ముడుచుకుపోయినవి రెండో మూడో అందులో దాస్తుంది. ఒకటి ఏరి అతని అరచేతిలో పెట్టింది.

"నీ ఒంట్లో ఉన్నది ఇదే నాయనా. కొరికి చూడు."

అతను భయం భయంగా నోట్లో వేసుకున్నాడు. కరకర కూడా అనలేదు. నమిలాడు. మొహం చిట్లించాడు.

"చప్పగా, మెత్తగా ఉందండీ."

"ఉంటుంది మరి," అంది మా అత్తగారు. బుట్టలోంచి వేడి వేడి ఉండ ఒకటి తీసి అతని చేతిలో పెట్టి, వేళ్ళు ముడిచింది. "ఇది తిను. ఇది మా ఇంటిది."